ఊపిరి తిరిగొచ్చిన మెరవణి

మా నాయనకు నంద్యాలలో బ్యాండు మేళం ఉండేది. స్టేషనుకు పోయే దారిలో, ఒక బియ్యం మిల్లు గోడకు ఆనుకుని చిన్న రేకుల గది. బయట చెక్కపలక మీద డోలు బొమ్మ, దాని రెండు పక్కలా బూరల బొమ్మలు. లోపల గోడకు రెండు వరసల మేకులు ఉండేవి. పై వరసకు ఎర్రకోట్లు, కింది వరసకు తెల్లకోట్లు. ఎర్రవి పెళ్లిళ్లకు, తెల్లవి చావులకు.

మాది దూదేకుల ఇల్లు. పండుగనాడు నమాజుకు పోతాం, ఇంట్లో మాట్లాడేది మాత్రం తెలుగే. తాతలు సన్నాయి ఊదేవాళ్లు. నాయన కాలానికి జనం బ్యాండు కావాలనడం మొదలుపెట్టారు. ఆయన సన్నాయి పక్కనపెట్టి క్లారినెట్టు పట్టాడు. నేను పదో తరగతితో చదువు ఆపేసి, డెబ్బైల మొదట్లో ఆయన దగ్గర మేళంలో చేరాను.

చేరిన కొత్తలో నాకు మింగుడుపడనిది ఒకటే. ఒక్కోసారి రెండు పనులూ ఒకే రోజు వచ్చేవి. పొద్దున ఎవరో రిటైరైన మిషన్ బడి పంతులుగారి శవపేటిక వెంట తెల్లకోట్లతో సమాధుల దొడ్డి దాకా నడిచేవాళ్లం. ఆయన కూతుళ్లు తల్లిని పట్టుకుని ఏడుస్తుంటే, నేను కళ్లు నేలకు వేసుకుని ఊదేవాణ్ని. సాయంత్రానికి ఎర్రకోట్లు తొడుక్కుని పెళ్లికొడుకు ముందు గంతులేస్తూ ఊదాలి. అదే నోరు, అదే క్లారినెట్టు.

నాయనకు ఈ విషయంలో ఒక పద్ధతి ఉండేది. చావు పని నుంచి రాగానే అందరం కుళాయి కింద కాళ్లూ మొహం కడుక్కోవాలి. మా అమ్మ చేసిన జొన్నరొట్టె, పచ్చడి కూర్చుని తినాలి. తినకుండా ఎవరూ పెళ్లికి బయల్దేరకూడదు.

ఒకరోజు అడిగాను. "పొద్దున ఆ ఏడుపులు చూసొచ్చినాము కదా. మళ్లా నవ్వు మొగం పెట్టుకోని ఊదాలంటే నీకెట్ల చేతనైతాది నాయనా?"

రొట్టె తుంచుతూ అన్నాడు. "చేతనయ్యేది ఏముందిరా. పొద్దున ఏడుపు ఆ ఇంటిది. సాయంత్రం నవ్వు ఈ ఇంటిది. ఒకదాన్ని తీసుకపోయి ఇంకోదాని మొగాన కొట్టద్దు. అంతే."

నాకది అర్థమైందనుకున్నాను. ఊళ్లోవాళ్ల పెళ్లిళ్లు, ఊళ్లోవాళ్ల చావులు అయినన్నాళ్లూ అర్థమైనట్టే ఉండింది.

కొన్నేళ్లకు నాయన పైపళ్లు రెండు ఊడిపోయాయి. క్లారినెట్టు ఊదేవాడికి పైపళ్లు లేకపోతే పని జరగదు. పట్టు దొరకదు, గాలి పక్కనుంచి పోతుంది. ఆయన ఏ ఆర్భాటమూ లేకుండా ఒక పొద్దున తన క్లారినెట్టు నా చేతిలో పెట్టి, పెద్దడోలు మెడకు తగిలించుకున్నాడు. ఆ రోజు నుంచి మేళం ముందు నడిచేది నేను, నా వెనక డోలు కొట్టేది ఆయన. నాకు బాగా గర్వంగా ఉండేది. ఆ చుట్టుపక్కల సంజామల దాకా, అవుకు దాకా పెళ్లివాళ్లు వచ్చి "ఆ పిల్లోడే ఊదాల" అని అడిగేవాళ్లు.

అప్పుడే నా పెళ్లయింది. ఆమెది ఆళ్లగడ్డ. వాళ్ల నాయన దర్జీ. ఇంటి ముందర గదిలో మిషను, పక్క వీధిలో శిల్పుల కొట్టాలు. పొద్దస్తమానం ఉలి దెబ్బలు వినిపిస్తూనే ఉంటాయి. ఆమె ఆ చప్పుళ్ల మధ్య పెరిగిన మనిషి కాబట్టి మా మేళం సాధన చూసి బెదరలేదు. పైగా తప్పు పడితే చెప్పేది. "ఆడ గుక్క సాలలేదు నీకు" అనేది వంటింట్లోంచే.

మాకు కూతురు పుట్టింది. నడక రాగానే మేళం గదిలోకి వచ్చేది. పెద్దడోలు కొడితే రెండు చెవులూ మూసుకునేది. ఆపితే "మల్లా" అనేది. నాయన మళ్లీ కొట్టేవాడు. ఆ పిల్ల ఉన్న రోజుల్లో మా ఇంట్లో మనుషులు మామూలు మాటలు మాట్లాడుకున్నట్టే నాకు జ్ఞాపకం లేదు. ఎప్పుడూ ఏదో ఒక నవ్వు.

ఎనభైల మొదట్లో, వానలు పడి ఆగిన తర్వాత, బిడ్డకు జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నాం. రెండోనాటికి కళ్లు తేలేసింది. ఆసుపత్రికి ఎత్తుకుని పోయాం. మెదడుకు పాకిందన్నారు. తెల్లారేసరికి నా భుజం మీద ఉన్నది బిడ్డ కాదు, బిడ్డ బరువు.

దాని గురించి ఇంతకంటే రాయలేను. రాయాల్సిన అవసరం కూడా లేదు. బిడ్డను పోగొట్టుకున్నవాళ్లకు తెలుసు. మిగతావాళ్లకు తెలియకపోవడమే మంచిది.

నలభయ్యో దినం ఫాతెహా అయ్యాక మా మామ వచ్చి కూతుర్ని ఆళ్లగడ్డకు తీసుకుపోయాడు. "కొన్నాళ్లు ఆడ ఉండనీప్పా. ఈ గోడలు సూస్తా ఉంటే మనిషి దక్కదు" అన్నాడు. నేను అడ్డం చెప్పలేదు. ఆమె వెళ్లేటప్పుడు నావైపు చూడలేదు, నేనూ ఆమెవైపు చూడలేదు. ఒకరినొకరు చూసుకుంటే ఇద్దరికీ కనపడేది బిడ్డే.

పెళ్లిళ్ల కాలం వచ్చింది. నేను పనిలోకి దిగాను. మొదట్లో ఊదగలిగాను కూడా. యంత్రంలాగా వేళ్లు వాటంతట అవి కదిలేవి. అంతా చెడింది శిరివెళ్లలో.

చాగలమర్రిలో ఒక పెళ్లికి బస్సులో పోతున్నాం. వాయిద్యాలన్నీ బస్సు టాపు మీద తాళ్లతో కట్టాం. శిరివెళ్ల స్టాండులో బస్సు ఆగింది. ఎవరో టాపు మీద నుంచి తమ బస్తా దించుకుంటూ మా తాడు కూడా విప్పారు. పెద్దడోలు కిందపడి, పగలకుండా, నిలువునా దొర్లడం మొదలుపెట్టింది. అక్కడ రోడ్డు కొంచెం పల్లం. డోలు దొర్లి దొర్లి ఒక ఇంటి ముందు ఎండబోసిన మిరపకాయల్లోంచి పోయింది. ఒక ముసలామె చీపురు తీసుకుని, డోలును మనిషిని తిట్టినట్టు తిడుతూ దాని వెంట పడింది. ఆమె వెనక మా నాయన, ఎర్రకోటుతో, టోపీ చేత్తో పట్టుకుని, "నిలబడు, నిలబడు" అని డోలును బతిమాలుతూ పరుగు. కట్టేసిన మేక ఒకటి గుంజ పెరుక్కుని ఆయనకంటే ముందు ఉరికింది.

బస్సు బస్సంతా నవ్వింది. డ్రైవరు స్టీరింగు మీద తలపెట్టి నవ్వాడు. నేనూ నవ్వాను. కిటికీ కడ్డీ పట్టుకుని, కడుపు పట్టుకుని, కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాను. ముందు సీట్లో ఒకాయన ఒళ్లో చిన్నపిల్ల ఉంది. అదీ చప్పట్లు కొట్టి నవ్వుతూ నావైపు తిరిగి చూసింది.

ఆ చూపుతో నా నవ్వు గొంతులో ఆగిపోయింది. బిడ్డ గోరీ మీది మట్టి ఇంకా ఆరలేదు, నేను పళ్లు బయటపెట్టి నవ్వుతున్నానే అనిపించింది. ఛాతీ మీద ఎవరో మోకాలు పెట్టి అదిమినట్టు అయింది.

చాగలమర్రిలో పెళ్లికొడుకు ఎదురుగా క్లారినెట్టు నోట్లో పెట్టుకుంటే ఊపిరి రాలేదు. లోపలికి పోతుంది, బయటికి రాదు. ఒక కీచు శబ్దం వచ్చి ఆగిపోయింది. మా మేళంలో ట్రంపెట్టు ఊదే అన్న, నా పరిస్థితి చూసి పాట అందుకుని ఆ పూట గడిపేశాడు. మరుసటి పెళ్లిలోనూ అంతే. చావు పనుల్లోనూ అంతే. డాక్టరు ఛాతీకి గొట్టం పెట్టి చూసి ఊపిరితిత్తుల్లో ఏ లోపమూ లేదన్నాడు.

నాయన నన్ను ఏమీ అనలేదు. ఒకరోజు నా చేతికి జాంజు ఇచ్చాడు. రెండు ఇత్తడి పళ్లేలు, ఒకదానికొకటి తగిలిస్తే చాలు, ఊపిరితో పనిలేదు. మేళంలో కొత్తగా చేరినవాడికి మొదట ఇచ్చేది అదే. ముందు నడిచినవాణ్ని ఆ ఎండాకాలమంతా వెనక వరసలో జాంజు కొడుతూ నడిచాను. పెళ్లివాళ్లు గుర్తుపట్టి "ఏందప్పా, నువ్వు ఊదవా?" అని అడిగితే పంటినొప్పి అని చెప్పేవాణ్ని.

నవ్వు విషయం మాత్రం ఎవరికీ చెప్పలేదు. భార్యకు అసలే చెప్పలేదు. ఆమె ఆళ్లగడ్డలో ఏడుస్తూ ఉంటుంది, నేనిక్కడ డోలు దొర్లిందని నవ్వాను అని ఎట్లా చెప్పేది?

ఆ ఎండలు తగ్గినాక మా అమ్మే నన్ను తరిమింది. "పోయి చూసి రా. మొగుడూ పెండ్లాలు ఇట్ల ఎన్నాళ్లు యాడోళ్లు ఆడ ఉంటారు?" అని సంచిలో కొన్ని మురుకులు కట్టిచ్చింది.

ఆళ్లగడ్డలో దిగి వాళ్ల వీధిలోకి మలుపు తిరిగేసరికి ఉలి దెబ్బలు, వాటి మధ్యలో మిషను చప్పుడు. మిషను తొక్కుతున్నది ఆమే. మామకు కళ్లు మందగించి, గుండీలు, కాజాలు, చిన్నపిల్లల గౌన్లు ఆమెకు వదిలేశాడు. నన్ను చూసి లేచి చెంబుతో నీళ్లిచ్చింది. "బాగుండావా?" అంది. "బాగుండా" అన్నాను. "మామ బాగుండాడా?" అని మా నాయన్ని అడిగింది. "బాగుండాడు." పెళ్లిచూపుల్లో కూడా మేం అంత మర్యాదగా మాట్లాడుకోలేదు.

మధ్యాహ్నం అత్తమ్మ, మామ ఏదో పని ఉందని బయటికి పోయారు. పని ఏమీ లేదని నాకు తెలుసు. పెరట్లో ఆమె చేట ముందు పెట్టుకుని శనక్కాయలు ఒలుస్తోంది. నేను గోడ నీడలో కూర్చున్నాను. కాయలు టపటపా పగులుతున్నాయి.

ఉన్నట్టుండి తల ఎత్తకుండా అంది. "ఒక మాట చెప్తా. తిట్టాకు."

"చెప్పు."

"ఈడికి వచ్చిన కొత్తల్లోనే ఒకనాడు నేను నవ్వినా."

నేను ఆమెవైపు తిరిగాను.

"కొత్త పెండ్లికొడుకు ఒకడు ప్యాంటు కొలత చూసుకోడానికి వచ్చినాడు. ఇంకా కుట్టు పడలేదు, గుండుసూదులు పెట్టి ఇచ్చినాడు నాయన. ఎట్లుందో సూసుకుంటా అని ఏసుకోని అద్దం ముందర నిలబడినాడు. ఇంతలో యాడ్నుంచి వచ్చిందో, వాళ్ల అత్తగారు ఈదిలో కనబడింది. మర్యాదగా నమస్కారం పెడదామని వంగినాడు. ఎన్ని సూదులు గుచ్చుకున్నాయో ఏమో, కెవ్వుమని ఎగిరినాడు. ప్యాంటు ఒక కాలు ఈడ, ఒక కాలు ఆడ. అత్తగారి ఎదురుగానే." ఆమె పెదవి వణికింది. అది నవ్వో ఏడుపో నాకు తెలియలేదు. "నవ్వి నవ్వి నాకు కడుపులో నొప్పి లేసింది. ఆ తర్వాత మిషన్ మీద తల పెట్టుకోని ఏడ్సినా. నువ్వు ఆడ తిండి మానుకోని ఏడుస్తాంటావు, నేనీడ పండ్లు ఇకిలిస్తాండా అని. ఇన్ని దినాలూ నీకు ఒక ముక్క రాయలేదు, ఎందుకో తెల్సా? నా మాట్లో నవ్వు పసిగడతావని."

చేటలోంచి ఒక కాయ తీసి ఒలిచాను. తర్వాత నేను కూడా మొదలుపెట్టాను. శిరివెళ్ల, టాపు మీద తాడు, డోలు, మిరపకాయలు, ముసలామె చీపురు. మేక దాకా వచ్చేసరికి ఆమె చేట పక్కకు పెట్టింది.

"మామ టోపీ చేత్తో పట్టుకోని ఉరికినాడా?"

"చేత్తో పట్టుకోని, నిలబడు నిలబడు అంటా."

"డోలుతోనా!"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అయినా ఆగలేదు. నాకూ ఆగలేదు. పక్కవీధిలో ఉలి చప్పుడు ఒక క్షణం ఆగిందంటే మేం ఎంత గట్టిగా నవ్వామో అనుకోండి. నవ్వుతూనే ఆమె "అది ఉండి ఉంటే మల్లా అని ఉండేది" అంది.

మా బిడ్డ పోయినాక, మేమిద్దరం దాని మాట ఎత్తడం అదే మొదటిసారి. ఎత్తింది నవ్వులో. ఆ తర్వాత ఏడ్చాం. ఇద్దరం కలిసి ఏడ్చిందీ అదే మొదటిసారి. అప్పటిదాకా చెరొక ఊళ్లో చెరొక మూలన దాచుకుని ఏడ్చాం, దాచుకుని నవ్వాం. ఏడుపు కంటే నవ్వును దాచుకోవడమే మమ్మల్ని ఎక్కువగా తినేసిందని ఆ పెరట్లో తెలిసింది.

కళ్లు తుడుచుకుని ఆమె అంది. "పొద్దున లేస్తానే ఏడుపు వస్తాది. ఏడుస్తా. పది గంటలకు ఆకలైతాది. అది తప్పా?"

"తప్పెందుకైతాది?"

"అయితే లే. అన్నం తిందాము."

వేడన్నం, గోంగూర, ఉల్లిగడ్డ. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని తిన్నాం. అంత కడుపునిండా తిని ఎన్నాళ్లయిందో. సాయంత్రం బస్సెక్కేటప్పుడు ఆమె అడిగింది, క్లారినెట్టు ఎలా ఉందని. మా అమ్మ కబురు చేసిందన్నమాట. "ముట్టుకోవాలంటే భయంగా ఉంది" అన్నాను. "సరేలే. ఊరికే తుడిచి పెట్టు. తుప్పు పట్టనీయాకు" అంది. నంద్యాలకు పోయి అదే చేశాను. రోజూ తుడిచి పెట్టాను, ఊదలేదు.

తర్వాత కొన్నాళ్లకు ఆ ఆళ్లగడ్డలోనే, మా మామ వాళ్ల వీధిలోనే, ఒక శనక్కాయల వ్యాపారి కూతురి పెళ్లి కుదిరింది. ఆడపిల్లవాళ్ల తరఫున మా మేళం మాట్లాడారు. మగపెళ్లివాళ్లు కడప దిక్కువాళ్లు. వాళ్లు తమ మేళం తాము తెస్తామన్నారు. అలా రెండు మేళాలు వచ్చిన పెళ్లంటే పోటీ తప్పదని ఆ రోజుల్లో అందరికీ తెలుసు. మెరవణి నాలుగురోడ్ల దగ్గరికి రాగానే రెండు మేళాలూ ఎదురెదురుగా నిలబడతాయి. వీళ్లొకటి వాయిస్తే వాళ్లొకటి. ఎవరి పాటకు జనం కాళ్లు ఆగవో వాళ్లది పైచేయి. దానికోసం చుట్టుపక్కల పల్లెల నుంచి ఎద్దులబండ్లు కట్టుకుని వచ్చేవాళ్లు.

పొద్దు వాలుతుండగా మెరవణి బయల్దేరింది. నాలుగురోడ్ల దగ్గర వాళ్లను చూసి మావాళ్లు నడక నెమ్మది చేశారు. మాకు రెండింతల మంది. నీలంకోట్లు, భుజాల మీద బంగారు జరీ, తళతళలాడే కొత్త బూరలు. వాళ్ల ముందు నిలబడిన క్లారినెట్టు ఆయన నడివయసు మనిషి, పెద్ద మీసం. ఆయన మొదటి గుక్కలోనే రోడ్డు మీది గోల అణిగిపోయింది.

మా వైపు ట్రంపెట్టు అన్న నాయకత్వం. బాగానే నిలబెట్టాడు. కానీ ట్రంపెట్టు పెదవులను తినే వాయిద్యం. రెండు విడతలు అయ్యేసరికి ఆయన కింది పెదవి పగిలింది. మూడో పాట మధ్యలో ఇత్తడి మీద నెత్తురు మరక చూశాను. పాట తెగిపోయింది. అవతలి గుంపు ఈలలు వేసింది. ఆడపిల్ల తండ్రి మొహం నల్లబడింది.

నేను వెనక వరసలో జాంజు పట్టుకుని ఉన్నాను. నాయన డోలు మెడలో ఉండగానే నా దగ్గరికి వచ్చాడు. తన కోటు లోపలి నుంచి విడదీసి పెట్టిన క్లారినెట్టు భాగాలు తీశాడు. తెచ్చాడని నాకు తెలియదు.

"రా. తీసుకో."

"నాతో కాదు నాయనా."

"కాకపోతే కాకపోనీ. కీచుమనిపియ్. ఎనక నేనుండా."

జాంజు కింద పెట్టి క్లారినెట్టు బిగించాను. రీడు నాలుక మీద తడిపాను. ముందుకు నడిచి పెదవులకు పెట్టుకున్నాను. అన్నట్టే కీచుమంది. అవతల మీసాలాయన వెనక ఉన్నవాళ్లు పకపకా నవ్వారు. రెండోసారి పెట్టాను. గాలి మాత్రమే వచ్చింది. ఛాతీ మీద అదే మోకాలు.

తల ఎత్తి చూస్తే మిద్దె మీద ఆడవాళ్ల మధ్య నా భార్య ఉంది. మొహం తిప్పుకోలేదు. నన్నే చూస్తోంది. నేను చూశానని తెలియగానే కుడిచేతిని ముందుకు చాపి, అరచేతిలో అన్నం కలుపుతున్నట్టు వేళ్లు తిప్పింది. ముద్ద చేసినట్టు చేసి, ఎదురుగా లేని నోటికి అందించినట్టు చేయి చాపింది.

పక్కన ఉన్నవాళ్లకు అదేమీ అర్థమై ఉండదు. నాకు అర్థమైంది. మా బిడ్డ అన్నం తినడానికి మారాం చేసేది. తల్లి ముద్ద పట్టుకుని కూర్చుంటే నేను క్లారినెట్టుతో చిన్న ఆటబాణీ ఒకటి ఊదేవాణ్ని. నేను అల్లిందే. కోడిపిల్ల గెంతినట్టు పైకీ కిందికీ గెంతుతుంది. దానికి బిడ్డ నోరు తెరిచేది, ముద్ద లోపలికి పోయేది. మా వంటింటి బయట ఆ బాణీ ఎవరూ వినలేదు. బిడ్డ పోయినాక నేను దాన్ని మనసులో కూడా అనుకోలేదు.

ఊదాను. మొదట మెల్లగా, వంటింట్లో ఊదినట్టే. ఊపిరి వచ్చింది. ఎక్కడ అడ్డం పడిందో అక్కడి నుంచే వచ్చింది. ఏడుపొస్తే గొంతు మూసుకుపోతుంది, ఊదడం కుదరదు. మా పనిలో ఉన్నవాళ్లకు తెలిసిందే. ఆ సాయంత్రం కళ్ల వెంట నీళ్లు కారుతూనే ఉన్నాయి, గొంతు మాత్రం తెరుచుకునే ఉంది. అదెలా జరిగిందో నేనిప్పటికీ చెప్పలేను.

వెనక నాయన డోలు అందుకుంది. ఆయనకూ ఆ బాణీ తెలుసు, పక్క గదిలోంచి వినేవాడు కదా. దెబ్బ దెబ్బకూ వేగం పెంచాడు. సైడు డ్రమ్ము కొట్టే కుర్రాడు దాన్ని పట్టుకుని పరుగెత్తించాడు. కోడిపిల్ల గెంతు కాస్తా గుంపు గుంపును గెంతించే దరువైంది. ముందు మావైపు కుర్రవాళ్లు దిగారు. తర్వాత మగపెళ్లివాళ్ల తరఫు మనుషులు తలపాగాలు తీసి గాల్లోకి విసిరారు. పెళ్లికొడుకు కూర్చున్న చోటే భుజాలు ఊపుతున్నాడు. ఆడపిల్ల తండ్రి, అంత పెద్దమనిషి, పంచె పైకి కట్టుకుని రోడ్డు మధ్యలో ఉన్నాడు. నేను బాణీని తిప్పాను, విరిచాను, పైకి తీసుకుపోయి అక్కడే నిలబెట్టి, జనం అరుస్తుంటే కిందికి వదిలాను. గుక్క చాలదేమో అన్న భయం ఒక్కసారి కూడా రాలేదు.

అవతలి మేళం డ్రమ్ములవాడు ఎప్పుడో మా దరువులో కలిసిపోయాడు. మీసాలాయన కాసేపు వింటూ నిలబడ్డాడు. తర్వాత టోపీ తీసి చంకలో పెట్టుకుని నా పక్కకు వచ్చి, కింది స్థాయిలో నా బాణీకి జత కలిపాడు. అంతటితో పోటీ అయిపోయింది. ఆళ్లగడ్డ నాలుగురోడ్ల దగ్గర రెండు మేళాలూ ఒకే మేళమై వాయించాయి.

ఆపినాక ఆయన నా భుజం మీద చేయి వేశాడు. "ఏ సినిమాలోదప్పా ఇది? నేను యాడా ఇనలేదు."

"సినిమాలోది గాదన్నా. మా ఇంట్లోది."

మిద్దె వైపు చూశాను. ఆమె మొహమంతా తడిసి ఉంది. చేతులు పైకెత్తి చప్పట్లు కొడుతోంది. పక్కన ఉన్న ఆడవాళ్లు ఆమెను ఓదార్చాలో ఆమెతో పాటు చప్పట్లు కొట్టాలో తెలియక నిలబడిపోయారు. చివరికి వాళ్లూ కొట్టారు.

మరుసటి పొద్దున మేం బస్సుకు బయల్దేరితే ఆమె కూడా ట్రంకుపెట్టె తీసుకుని బయటికి వచ్చింది. ఎవరూ పిలవలేదు, ఎవరూ ఆపలేదు. మామ ఒక్కటే అడిగాడు. "పోతాండావామ్మా?" "పోతాండా నాయనా. ఇల్లు ఊడ్చి ఎన్నాళ్లైందో" అంది. బస్సు శిరివెళ్లలో ఆగినప్పుడు కిటికీలోంచి తల పెట్టి ఆ మిరపకాయల ఇల్లు ఏదో చూపించమంది.

నంద్యాలలో దిగేసరికి గది దగ్గర మనుషులు కాచుకుని ఉన్నారు. రైల్వేలో పనిచేసి మానుకున్న ఒక పెద్దాయన చనిపోయాడు, మధ్యాహ్నం మూడింటికి సమాధి. నాయన నావైపు చూశాడు. నేను తెల్లకోటు తీసుకున్నాను. ఆ మధ్యాహ్నం ఆ ముసలాయన పెట్టె వెంట నడుస్తూ ఊదాను. నిదానంగా, నిండుగా. ఆయన భార్య నడవలేక నడుస్తోంది. నేను కళ్లు నేలకు వేసుకోలేదు. ఆమె మొహం చూస్తూ, ఆమె అడుగు ఎంత నిదానమో అంత నిదానంగా ఊదాను. ముందురోజు సంతోషం నాలో అలాగే ఉంది. అది ఆమె దుఃఖానికి అడ్డం రాలేదు. నా దుఃఖమూ నాలోనే ఉంది. అది నా ఊపిరికి అడ్డం రాలేదు. నాయన రొట్టె తింటూ ఎప్పుడో చెప్పిన మాటలోంచి నేను ఇంకొంచెం ముందుకు పోయానని అప్పుడు అనిపించింది. ఆయన రెంటినీ విడివిడిగా పెట్టమన్నాడు. నాకైతే రెండూ ఒకే ఛాతీలో పక్కపక్కన పట్టాయి.

సమాధుల దొడ్డి నుంచి ఇంటికి వచ్చేసరికి ఇల్లు కడిగి ఉంది. వాకిట్లో మంచం వేసి ఉంది. చుట్టుపక్కల ఆడవాళ్లు, వాళ్ల పిల్లలు, మా అమ్మ అంతా చేరారు. మధ్యలో నా భార్య నిలబడి ఆళ్లగడ్డ పోటీ కథ చెబుతోంది. చేతిలో పొయ్యి ఊదే గొట్టం పట్టుకుని క్లారినెట్టులాగా తిప్పుతోంది. ఆమె చెప్పేదాంట్లో మీసాలాయన మీసం చెవుల దాకా పెరిగింది. అవతలి మేళం ఊరంత ఉంది. ఆడపిల్ల తండ్రి పంచె ఊడబోయి ఆగింది. వింటున్నవాళ్లు నవ్వి నవ్వి ఒకరి మీద ఒకరు పడుతున్నారు.

"అప్పుడు ఏం ఊదినాడంటావ్?" అని ఎవరో అడిగారు.

ఆమె ఊదే గొట్టం కిందికి దించింది. "మా పాప పాట" అంది. చాలా రోజుల తర్వాత ఆ వాకిట్లో ఆ మాట వినిపించింది. మా అమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఆమే మళ్లీ అందుకుంది. "ఇంకా ఇనండి, అసలుది ఇప్పుడొస్తాది" అని ఊదే గొట్టం పైకెత్తింది.

నేను మంచం అంచున కూర్చున్నాను. నేను ఊదినదానికంటే ఆమె చెప్పిందే బాగుంది.